కిసుము వెళ్ళిన పిల్ల

సరస్సు ఒడ్డున, చేపలు ఆరబెట్టిన ఓ వాకిలి. పిల్లల సంక్షేమ శాఖ నుంచి వచ్చిన అకెయో, ఆ ఇంటి పెద్దావిడ రిస్పా.

"టీ చల్లారిపోతోందమ్మా. ముందు తాగు."

"తాగుతాను పెద్దమ్మా. అపోండిని పిలువు. దాన్ని చూసి తాగుతాను."

"చెప్పాను కదా, కిసుము పట్నంలో ఉందని. బడిలో వేశాం."

"పోయినసారీ అదే చెప్పావు. పోయినసారీ టీయే ఇచ్చావు."

"పాలు పోసి ఇచ్చాను తల్లీ, ఒట్టి నీళ్ళు కాదు."

"ఏ బడి?"

"పెద్ద బడి. హాస్టల్ కూడా ఉందట. మా అబ్బాయి ఒగుటుకి తెలుసు, వాడే చేర్పించాడు."

"ఒగుటు నాకూ ఒక బడి పేరు చెప్పాడు. వెళ్ళొచ్చాను. అలాంటి పిల్ల తమ గడప తొక్కలేదన్నారు."

"మరి... ఇంకో బడేమో. నాకు చదువు రాదు, ఆ పేర్లన్నీ తికమక."

"కిసుములో ఉన్న మీ మరిది ఇంటికీ వెళ్ళాను. పిల్ల మొహమే చూడలేదన్నాడు."

"వాడా? పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు వాడికి. వాణ్ణి అడిగావా, పోయి పోయి."

"పోనీ నిన్నే అడుగుతున్నాను. నువ్వు మాట్లాడావా దానితో? ఫోన్లోనైనా?"

"ఒగుటు మాట్లాడతాడు. అడిగినప్పుడల్లా, ఇప్పుడే మాట్లాడానమ్మా, బాగుంది, తింటోంది అంటాడు."

"నువ్వు దాని గొంతు విన్నావా అంటున్నాను."

"అదిగో, చేపల మీద కొంగ వాలింది. ఉష్... ఉష్... కాస్త ఏమరుపాటుగా ఉంటే చాలు..."

"పెద్దమ్మా."

"వినలేదు."

"వెళ్ళేటప్పుడు చూశావా?"

"ఆ వారం ప్రార్థనలకని మా అక్క వాళ్ళూరు వెళ్ళాను. వచ్చేసరికి లేదు. మోటారు సైకిలు మీద తీసుకెళ్ళి దింపొచ్చాను అన్నాడు."

"నీకు చెప్పకుండా వెళ్ళిందా? నీ కొంగు పట్టుకునే తిరిగేది."

"పిల్లలు కదా. పట్నం బడి అంటే సంబరం."

"అంత సంబరంగా వెళ్ళిన పిల్ల బూట్లు వదిలేసి వెళ్ళిందా? ఆ చూరు కింద ఉన్నవి దానివే కదూ? నేను కొనిచ్చినవే."

"ఇరుకైపోయాయి."

"నిగనిగలాడుతున్నాయి."

"నేనే తుడుస్తుంటాను. వస్తే వేసుకుంటుందని."

"ఇరుకైపోయాయన్నావు."

"టీ తాగమ్మా."

"తాగను."

"పొద్దున్నే అది నీళ్ళు తెచ్చి బిందె దింపేది చూడు, ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. గబగబా లేచి చూస్తాను. కోళ్ళు."

"తల్లి పోయిన పిల్ల, అనాథాశ్రమం ఎందుకు, మేనత్త ఉందిగా అని ఆఫీసులో అందరితో పోట్లాడి దాన్ని నీ ఇంటికి తెచ్చాను. నువ్వు బాగానే చూశావు, కాదనను. నేను దాన్ని ఆఖరుసారి చూసినప్పుడు జీపు దాకా వెంట వచ్చింది. ఏదో చెప్పబోయింది. ఒగుటు వచ్చి పక్కన నిలబడ్డాడు. నోరు మూసుకుంది."

"వాడు చెడ్డవాడు కాదు."

"చెడ్డవాడని నేనన్నానా?"

"అనబోతున్నావు."

"ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది లోపల."

"లేచిందా... ఉండు, తెస్తాను. కోడలు గిన్నెలు తోమడానికి ఒడ్డుకి వెళ్ళింది."

"ఇలా ఇవ్వు. అబ్బో, ఏం గొంతు. ఒగుటు కూతురా? ఏం పేరు?"

"పేరా... పాప అనే పిలుస్తాం."

"నెలలు గడిచినా పేరు లేదా, మన ఇళ్ళల్లో? మా చిన్నది ఇలాగే గుక్కపట్టి ఏడుస్తుంటే పోయినవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే పిలిచాం, ఎవరు తిరిగొచ్చారో తెలియాలి కదా. చివరికి మా అత్తగారి పేరుకి ఊరుకుంది. ఉన్నన్నాళ్ళూ నన్ను సాధించింది చాలక, మళ్ళీ నా ఒళ్ళోకే వచ్చింది మహాతల్లి."

"మేమూ పిలిచాం."

"ఎవరెవర్ని?"

"మా అత్తని. మా అమ్మని. సరస్సులో పోయిన మా ఆయన్ని. మా వాళ్ళలో పోయినవాళ్ళెవర్నీ వదల్లేదు. తెల్లార్లూ ఏడ్చింది."

"ఎవరి పేరుకీ ఊరుకోలేదా?"

"ఊరుకుంది, ఒక పేరుకి."

"ఏం పేరు?"

"వద్దమ్మా. ఆ పేరు పలికితే కళ్ళు తెరిచి నన్నే చూస్తుంది. నాకు భయం."

"గుక్క తిప్పుకోవడం లేదు పెద్దమ్మా, మొహం చూడు ఎలా అయిపోతోందో. పిలువు."

"నువ్వు ఆఫీసు మనిషివి."

"ఇప్పుడు ఈ పిల్లని ఎత్తుకున్న మనిషిని. పిలువు, నీకు దణ్ణం పెడతాను."

"అపోండీ... అపోండీ, ఊరుకో నా తల్లీ, ఊరుకో."

"ఊరుకుంది పెద్దమ్మా."

"చూశావా. ఎలా చూస్తోందో చూశావా."

"పెద్దమ్మా, పోయినవాళ్ళ పేర్లే కదా పిలిచామన్నావు."

"అవును."

"అంటే అది పోయిందని నీకు తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ నాకు టీలు పోసి పంపిస్తున్నావు."

"తెలీదమ్మా. ఒట్టు. నాకు తెలీదు."

"తెలియకపోతే బతికున్న పిల్ల పేరు ఎందుకు పిలిచావు?"

"పిలిచింది నేను కాదు. ఇదే మాట నేనూ అడిగాను, నా కొడుకుని."