పిన్ను ఆడుతోందో లేదో

ఆగవే అమ్మడూ, అంత గ్రీజేంటి, రొట్టెకి వెన్న రాసినట్టు? పల్చగా, పిన్ను నునుపు వేలికి తగిలీ తగలనట్టు ఉంటే చాలు. పాతదంతా తుడిచావా? ఏదీ, ఇటు పట్టు. ఇదిగో, ఈ అంచున నల్లగా ఉండనే ఉంది. గుడ్డ ఇలా ఇయ్యి, నేను తుడుస్తాను. నవ్వకు. పెళ్ళైన కొత్తల్నుంచీ మీ తాత మెకానిక్ షాపులో నా ఉద్యోగం ఇదే, బ్రేకు పిన్నులు తుడవడం. మా అత్తగారు గుమ్మంలో నిలబడి "కోడల్ని తెస్తావనుకుంటే మసిగుడ్డని తెచ్చావేంట్రా" అని సణిగేది. ఆవిడ నోరే గానీ మనసు మంచిది, నా గోళ్ళలో మసి వదలాలని రోజూ సగం నిమ్మచెక్క పళ్ళెం పక్కన పెట్టి ఉంచేది. నేనది వీధి పిల్లల చేత నాకించేసేదాన్ని, అది వేరే సంగతి. ఏం చెబుతున్నాను? ఆఁ, మీ తాత.

నువ్వాయన్ని ఫొటోలో తప్ప చూడలేదు కదూ. ఆ మీసం చూసి అందరూ కోపిష్టి అనుకుంటారు గానీ, చీమకి కూడా హాని చెయ్యని మనిషి. గొప్పలు మాత్రం బాగా చెప్పుకునేవారు. బ్రేకు పని ఏనాడూ చూసి చేసింది లేదు. చెయ్యి చక్రం లోపలుంటే ముఖం రోడ్డు వైపు, వచ్చినవాళ్ళతో లోకాభిరామాయణం. నేను చూసి చెయ్యండీ అంటే, "చూడ్డానికి ఇదేమైనా సినిమానా, చేతికి తెలియాలి" అనేవారు. తెలిసేది కూడా. ప్యాడ్లని పట్టుకునే ఆ కాలిపరు మొత్తం ఈ రెండు పిన్నుల మీదే కదా అటూ ఇటూ జరిగేది. ఇవి బిగుసుకున్నాయంటే ఒక పక్క ప్యాడు అరిగిపోతుంది, చక్రం సెగలు కక్కుతుంది, బ్రేకు తొక్కితే బండి పక్కకి లాగేస్తుంది. అందుకని పిన్ను ఎక్కించాక బొటనవేలితో నొక్కి చూసేవారు. మెత్తగా పోవాలి, లాగితే మెత్తగా రావాలి. అప్పుడు "ఆడుతోంది" అనేవారు, సొంత బిడ్డ తొలి అడుగు వేసినంత మురిపెంగా.

తర్వాత సుగరు వచ్చింది. అది వేళ్ళకి పాకిందని నాకు తెలిసింది ఎలాగనుకున్నావు? ఒకరోజు టీ గ్లాసు చేతికిచ్చాను. పొయ్యి మీంచి అప్పుడే దించింది, నేనైతే కొంగుతో పట్టుకుని తెచ్చాను. ఆయన దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నారు. ఒక గుక్క తాగి నోరు కాలి ఉలిక్కిపడ్డారు. ఇదేంటి, నోటికి తెలిసింది చేతికి తెలియలేదా అనుకున్నాను. అడిగితే, "మొద్దు చేతులే, నీలాగా పూలచేతులా" అని నవ్వేశారు. నేనూ ఊరుకున్నాను. ఏమని అంటాను, ఆ మనిషికున్న ఆస్తల్లా ఆ పది వేళ్ళే.

అదిగో, అలాంటప్పుడు వచ్చింది ఆ స్కూలు వ్యాను. దాన్ని నడిపే అతను ఒక్క చోట నిలబడే రకం కాదు, అందరూ గాలిపటం అనేవాళ్ళు. "బాబాయ్, పిల్లలు గేటు దగ్గర ఎదురుచూస్తుంటారు, అయిందా, బాబాయ్, అయిందా" అని ఒకటే గోల. మీ తాత "అయిపోయిందిరా, చక్రం ఎక్కించి ఇచ్చేస్తా" అన్నారు. నేను పక్కన గుడ్డలు సర్దుతున్నదాన్ని, ఎందుకో చెయ్యి పెట్టి పిన్ను నొక్కాను. కదలదే. రాయిలా ఉంది. "ఏమండీ, ఇది ఆడట్లేదు" అన్నాను. "ఆడుతోంది, నువ్వు లే" అన్నారు. అంత కటువుగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదమ్మా. ఏం చెయ్యను చెప్పు, బయటివాడి ముందు మీ వేళ్ళు చచ్చుబడ్డాయండీ అనగలనా? అలాగని పిల్లలెక్కే బండిని వదిలెయ్యగలనా? వెంటనే ఆ గాలిపటంతో, "బాబూ, పాలు లేవు, కాస్త మూల కొట్టుకెళ్ళి తెచ్చిపెట్టవా, నీకూ టీ పెడతాను" అన్నాను. పాపం, అంత హడావిడిలోనూ వెళ్ళాడు.

వాడు మలుపు తిరగ్గానే మీ తాత పక్కన కింద కూర్చున్నాను. ఆయన చెయ్యి తీసుకుని పిన్ను మీద పెట్టి, పైన నా చెయ్యి పెట్టి, "నొక్కండి" అన్నాను. నొక్కారు. "ఆడుతోందిగా" అన్నారు. "ఎలా తెలిసింది?" అన్నాను. మళ్ళీ నొక్కారు, ఇంకాస్త గట్టిగా. తర్వాత వేళ్ళు ముఖం ముందు పెట్టుకుని, ఎవరివో చూసినట్టు చూసుకుని, "తెలియట్లేదే" అన్నారు. "నాకేం తెలియట్లేదే." అమ్మడూ, సంతలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లాడి ముఖం అయిపోయింది ఆయనది. నాకు ఏడుపొచ్చింది గానీ, పాలు తెచ్చేవాడు వచ్చేస్తాడు కదా, ఏడవడానికి తీరికేది? పిన్నులు రెండూ లాగేశాను. చూస్తే ఏముంది, అటుది ఇటు, ఇటుది అటు. ఒకదాని చివర చిన్న రబ్బరు చుట్టు ఉంటుంది, నీదానికీ ఉంది చూడు. ఆ వ్యానుకి అది కింద రంధ్రంలోకి పోవాలి. చూడకుండా చేసే మనిషి, వేలికి ఆ రబ్బరు తగిలితేనే కదా ఏది ఏదో తెలిసేది. తగల్లేదు, పైన దూర్చేశారు. నేను మళ్ళీ తుడిచి, పల్చగా రాసి, దేని చోట దాన్ని పెట్టి, పిన్ను మొదట్లో ఉండే రబ్బరు తొడుగు అంచు కాస్త నొక్కితే లోపల చిక్కిన గాలి ఉస్సుమంది. నొక్కి చూస్తూ ఆయనకి పైకి చెప్పాను, "పోతోంది... మెత్తగా పోతోంది... వెనక్కొస్తోంది." ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "ఆడుతోందా?" అన్నారు. "ఆడుతోందండీ" అన్నాను.

ఇక అప్పట్నుంచీ ప్రతి బండికీ నన్ను కేకెయ్యడమే, "ఏమేవ్, ఒకసారి ఇటు రా" అని. పక్కన పంచర్లు వేసే అతను ఊరుకుంటాడా? "ఏం బావా, పెళ్ళాం పక్కన లేందే నట్టు కూడా తిరగట్లేదా, ఈ వయసులో కొత్త పెళ్ళికొడుకువయ్యావు" అని వచ్చినవాళ్ళందరి ముందూ అల్లరి. అంతే, పేరే పడిపోయింది, కొత్త పెళ్ళికొడుకు షాపు అని. ఆయన మీసం కింద నవ్వుకుని ఊరుకునేవారు. వేళ్ళ సంగతి మాత్రం మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. నిజం చెప్పనా, ఆ వేళాకోళం నాకు బాగానే ఉండేది. ఎన్ని బండ్లు చేశామో, ఆడని పిన్నుని ఆడుతోందని ఒక్కసారీ ఆయనతో అనలేదు. బేరం పోయినా సరే, రాత్రి దాకా కూర్చోవాల్సొచ్చినా సరే.

చివర్లో ఆయన్ని ఆస్పత్రిలో పెట్టాం. మధ్యాహ్నం పూట, కిటికీలోంచి ఎండ కాళ్ళ మీద పడుతోంది. నేను కుర్చీలో పక్కనే ఉన్నాను. కళ్ళు మూసుకునే అడిగారు, "ఏమేవ్, నీ చెయ్యి పట్టుకునే ఉన్నానా?" అని. చూస్తే ఆయన చెయ్యి ఎప్పుడో జారిపోయి దుప్పటి మీద ఉంది. నేను చప్పుడు కాకుండా దాన్ని తీసుకుని, నా చేతిలో పెట్టుకుని, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ నా వేళ్ళ చుట్టూ మడిచి, గట్టిగా బిగించి, అప్పుడు చెప్పాను. "పట్టుకునే ఉన్నారండీ" అని.

...

ఇంకో పక్క చక్రం విప్పావా? విప్పు మరి, ఎండ ఎక్కుతోంది.