డ్యూటీ మారే వేళ

హెడ్ నర్సు మందుల గదిలో సెలైన్ సీసాలు సర్దుతోంది. ఆస్పత్రిలో మరణాల లెక్కలు చూసే డాక్టరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“అక్కా, మీ వార్డులో చావులు మిగతా వార్డులకన్నా ఎక్కువున్నాయి.”

“ఉండవూ? ఎవరూ చేర్చుకోని ముసలివాళ్లందర్నీ మా నెత్తినే రుద్దుతారు కదా!”

“వయసునీ జబ్బు తీవ్రతనీ లెక్కలోకి తీసుకునే చూశాను. అయినా ఎక్కువే.”

హెడ్ నర్సు చేతులు ఆగిపోయాయి. “అయితే మా నర్సు పిల్లల మెడకి చుడతారా? తిండి మానుకుని తిరుగుతారమ్మా వాళ్లు.”

“వాళ్ల మెడకి చుట్టాలనుకుంటే ముందు మీ దగ్గరకెందుకొస్తాను? ఎక్కువ చావులు డ్యూటీ మారే వేళకే జరుగుతున్నాయి. అప్పుడేం చేస్తారు?”

“అందరం ఈ గదిలోకొచ్చి, తలుపేసుకుని, ఒక్కో రోగి సంగతీ వచ్చేవాళ్లకి అప్పజెబుతాం. బయట గోలలో ఒక్క ముక్క చెవిన పడకపోయినా ప్రమాదమని ఆ పద్ధతి నేనే పెట్టాను.”

“మరి అప్పుడు వార్డులో ఎవరుంటారక్కా?”

హెడ్ నర్సు తల తిప్పి వార్డు వైపు చూసింది.

“రోగులే ఉంటారు,” అంది. “నా పేరే రాయమ్మా. పిల్లలకేం తెలియదు.”

“పేర్లు రాయడానికి రాలేదు. మీరు మంచికే పెట్టారు. వచ్చేసారి లెక్కల్లో ఆ వేళకి చావులు తగ్గాయని రాయాలనుంది, అంతే.”

హెడ్ నర్సు కళ్లు తుడుచుకుని బయటికి నడిచింది. డ్యూటీ దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అప్పుడే గది వైపు వస్తున్నారు.

“ఇటు కాదర్రా, వెనక్కి పదండి! ఇకనుంచి మంచాల దగ్గరే అప్పజెప్పుకుందాం. గోలైతే గట్టిగా చెప్పండి. తప్పు చెబితే రోగులే దిద్దుతారు.”