బొమ్మల వీపు తెలిసిన ఒడిల్ షార్వే గారు

1938 అక్టోబరు మూడో తేదీన, ఫ్రాన్సులో సోన్ నది ఒడ్డున ఉన్న మన మ్యూజియంలో చిత్రాల గిడ్డంగి సహాయకురాలిగా కుమారి ఒడిల్ షార్వే గారు ప్రవేశించారు. ముప్పై అయిదేళ్ల నిర్విరామ సేవానంతరం ఈ డిసెంబరు నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణిని అభినందించుకోవడం మనందరి భాగ్యం.

చేరిన మొదటి వారం నుంచీ వారు ప్రతి చిత్రాన్నీ వెనక్కి తిప్పి చూసేవారు. చట్రం, మేకులు, మరకలు అన్నీ వారికి కంఠస్థం. ఎందుకో అప్పట్లో ఎవరికీ బోధపడలేదు. యుద్ధం వచ్చాక బోధపడింది.

1942లో డాక్టర్ వేయిల్ గారు తమ ఇంటి బేరిపళ్ల చిత్రాన్ని భద్రపరచమని వారి చేతికి అప్పగించారు. వెనక చట్రం వదులుగా ఉంటే పెట్టెల వడ్రంగి గాస్పార్ బిగించాడు. రాగి మేకులు దొరకని రోజులు. తన బూటు మేకు పీకి కింది మూలన కొట్టాడు.

"గాస్పార్, ఇది బొమ్మా, బూటా?"

"బూటుకి పట్టిన మేకు బొమ్మకి పట్టదా అండీ?"

"పీకెయ్." మేకును వేలితో తడిమి చూశారు. "వద్దులే, ఉండనీ."

మరుసటి ఏడు జర్మన్లు డాక్టరు గారి చిత్రంతో కలిపి నలభైమూడు చిత్రాలు పట్టుకుపోయారు. ఏది ఏ పెట్టెలో పోతోందో షార్వే గారు వాళ్ల కన్నుగప్పి చాకిరేవు బట్టల జాబితాలా రాసుకున్నారు. ఒక అధికారి ఆ పుస్తకం లాక్కుని చదివాడు: 'చిన్న దిండు గలీబు ఒకటి. కింది మూల బొత్తం వేరు.'

"బొత్తం సంగతి కూడా రాస్తావా?"

"రాయకపోతే ఉతికే ఆవిడ మార్చేస్తుందండీ. మీ చొక్కా కూడా ఒకసారి చూసుకోండి."

అతగాడు తన బొత్తాలు తడుముకుని, పుస్తకం తిరిగి ఇచ్చేశాడు.

యుద్ధం ముగిశాక వారు ఏడాది పాటు జర్మనీలోని గిడ్డంగుల్లో గడిపారు. పై ఫ్రేములు మార్చి, చీటీలు చింపేసిన చిత్రాలను వీపు చూసి గుర్తుపట్టి, నలభైరెండింటిని ఇంటికి తెచ్చారు. బేరిపళ్లు రాలేదు. యూదుడని జర్మన్లు పట్టుకుపోయిన డాక్టరు గారూ రాలేదు. వారి అమ్మాయి ఎలియాన్ ఒక్కతే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మా బొమ్మ ఉందా అండీ? మా ఇంట్లోది ఇంకేమీ మిగల్లేదు."

"లేదమ్మా. వెతుకుతాను."

ఆ మాట కోసం షార్వే గారు ఇప్పటికీ ప్రతి శనివారం వేలంశాలకు వెళతారు. అక్కడ అమ్మకందారు నవ్వుతాడు.

"మాద్మ్వజెల్, బొమ్మకి ముఖం ఇటువైపండీ."

"ముఖానికి మెరుగులు పెడతారు బాబూ. వీపు జోలికి ఎవడూ పోడు."

మన దగ్గర ఏ చిత్రం కొలతకు ఆ చిత్రానికే పెట్టె కొడతాం. బేరిపళ్ల కొలతకు గాస్పార్ కొట్టిన పెట్టె ఇరవై ఏడేళ్లుగా పనిశాల గోడవారన ఖాళీగా ఉంది. మొన్న వారు దాని దుమ్ము తుడిచి, పనిశాల కుర్రాడితో "వస్తే కబురు పెట్టు, నేను చూడకుండా మూత వెయ్యకు" అన్నారు.

గాస్పార్ పోయాక ఆ బూటు మేకును గుర్తుపట్టే కళ్లు మన ఊళ్లో ఇంకెవరికీ లేవు. అందుచేత ఆ కళ్లు మసకబారకుండా, మోకాళ్లు మొరాయించకుండా, ఆ పెట్టె నిండి ఎలియాన్ గారి ఇంటికి చేరే రోజు దాకా, ఆ తరువాత ఇంకా చాలా ఏళ్లు, షార్వే గారు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.