ఇంటూ మార్కుల కోడలు

ఫిబ్రవరి మధ్యాహ్నం, ప్రత్తిపాడు అవతల ఒక ఊరి మిరపకళ్లం. రేకుల పాక నీడన అత్త వెంకటేశ్వరమ్మ ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. కాస్త ఎడంగా నులకమంచం మీద కోడలు ఉదయశ్రీ, ఒళ్లో సగం కుట్టిన నెమలిబొమ్మ గుడ్డ, చేతిలో సూది.

"అదే అడుగుతున్నా. నెమలికి ఇంకా తోక రాలేదేందని."

"వస్తుంది అత్తయ్యా."

"పోయినేడూ ఇదే మాట. తోట పీకేశాం, దున్నాం, మళ్లీ నారు వేశాం, మళ్లీ కోశాం. నెమలి మాత్రం మెడ దగ్గరే నిలబడి చూస్తా ఉంది."

"మధ్యలో పిల్లకి జ్వరాలు, పరీక్షలు, మీ కంటి ఆపరేషను. ఖాళీ దొరకొద్దూ?"

"నా కంటికీ నీ నెమలి తోకకీ ముడిపెట్టబాక. అయినా అదేం కుట్టే తల్లీ, గుడ్డ నిండా ఇంటూ మార్కులు! చిన్నప్పుడు మా నాగరాజు లెక్కల పేపరు ఇట్టాగే వచ్చేది ఇంటికి."

"క్రాస్ స్టిచ్ అంటారు అత్తయ్యా. ప్రతి ఇంటూ ఒకే వాటంగా పడాలి. ఒక్కటి తప్పినా..."

"తప్పితే ఏమవుద్ది, నెమలి కోడవుద్దా?"

"విప్పాలి."

"విప్పుతావు. చూస్తన్నాగా. పొద్దున కుట్టింది మధ్యాహ్నం విప్పుతావు. అదే గవర్నమెంటు ఉద్యోగమైతే రెండిటికీ జీతం ఇచ్చేవాళ్లు."

"అత్తయ్యా, ఇటు జరగకండి. ఆ చేత్తో గుడ్డ ముట్టుకున్నారంటే ఇక పోదు."

"ముట్టుకోన్లేమ్మా. నాది కారం చెయ్యి, నీది వెన్నపూస గుడ్డ. మిలటరీవాడి పెళ్లాం అంటే తుపాకీలాగా వస్తదనుకున్నా. సూదిలాగా వచ్చింది."

"సూది గుచ్చుకోదంటారా?"

"ఎందుకు గుచ్చుకోదు? నోరు చూస్తన్నాగా. లే, లేచి ఈ గంప ఏరు."

"పిల్ల బడి నుంచి వచ్చేలోపు నెమలికి ఈ కన్ను ఒక్కటీ పూర్తి చేసి వస్తా. పాలు, టిఫిను, దాని జడలు, గేదెకి కుడితి, మీకు చుక్కలమందు, అన్నీ అయ్యాకేగా కూర్చున్నా."

"కూర్చో, కూర్చో. నేనేం అన్లా. పొద్దున కూలీల మేస్త్రి మాబూబీ కూడా అదే అంది."

"ఏమంది?"

"ఏం లేదు. కోతకి మనుషుల సంగతి మాట్లాడదామని వచ్చింది."

"అత్తయ్యా."

"ఏందే?"

"మీరు ఏం లేదన్నారంటే ఏదో ఉంది."

"మీవాడు కోడల్ని తీసుకెళ్లడేంది వదినా, అంది. మనూళ్లో రెబ్కా మొగుడూ మిలటరీనే, ఎక్కడికేస్తే అక్కడికి పెట్టె సర్దుకుని పోద్ది, మీ కోడలేంది కళ్లంలో మంచమేసుకుని నెమళ్లు కుట్టుకుంటంది, అంది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? ఝాన్సీలో క్వార్టర్లు ఖాళీ లేవంట, ఖాళీ అవగానే తీసుకుపోతాడు అన్నా. నువ్వు నాకు చెప్పిందే ఆమెకి చెప్పా."

"అంతేగా మరి."

"అంతే అయితే ఆమె ఎందుకు నవ్వుద్ది?"

"నవ్వితే నవ్వనీండి."

"ఎట్టా నవ్విందో నువ్వు చూళ్లా. వేరే కాపురం ఏదో పెట్టినోడి గురించి నవ్వినట్టు నవ్వింది."

"ఛ ఛ!"

"నేనూ ఛ ఛ అనే అన్నా. అని వచ్చి కూర్చున్నా గానీ చెయ్యి ఆడట్లా. ఎర్రకాయా తాలూ ఒకటే గంపలో ఏస్తన్నా. వాళ్ల నాన్నకీ ఉండేది ఆ జబ్బు."

"మామయ్యకా?"

"పత్తి అమ్ముకొస్తానని నరసరావుపేట పోయేవాడు. పత్తి ఆ పూటే అమ్ముడుపోయేది, మనిషి మాత్రం మూణ్ణాళ్లకి తిరిగొచ్చేవాడు. పోయినోళ్లని అనకూడదులే. పటానికి దండ ఏశాం. దండ కింద కూడా ఇకిలిస్తానే ఉంటాడు."

"ఆయన అలాంటివారు కాదండీ. మీ అబ్బాయి."

"నీకేం తెలుసు? నువ్వు ఇక్కడున్నావు, వాడు అక్కడున్నాడు. ఫోన్ తియ్యి."

"ఎవరికి?"

"గవర్నరుకి! మావాడికే."

"ఇప్పుడు డ్యూటీలో ఉంటారు."

"భోజనాల టైమే. తియ్యి."

"నా ఫోన్లో ఛార్జింగ్ లేదు."

"పొద్దున్నించీ దారాల వీడియోలు చూస్తానికి ఉంది ఛార్జింగు."

"సిగ్నల్..."

"కళ్లంలో సిగ్నల్ బాగా వస్తదని నువ్వేగా ఇక్కడ మంచం ఏయించింది?"

"సాయంత్రం చేద్దాం అత్తయ్యా. తీరిగ్గా మాట్లాడొచ్చు."

"ఎందుకే అంత భయం? నీకూ ఆ అనుమానం ఉందా? ఏమన్నా తెలుసా నీకు?"

"నాకేం తెలీదు."

"సూది తిరగేసి పట్టుకున్నావు."

"దారం ఎక్కిస్తున్నా."

"సరే, నా దాంట్లోనే చేస్తా. వాడి బొమ్మ నొక్కితే పోద్దంట, నీ కూతురు నేర్పింది."

"చేతులు కడుక్కోండి ముందు. అంతా కారం."

"కారం తగలాల్సింది వాడికి."

"స్పీకర్ వద్దు అత్తయ్యా."

"ఈ చేత్తో చెవి దగ్గర పెట్టుకోమంటావా? స్పీకరే. ఆ, మోగతంది."

"హలో! అమ్మా! తిన్నావా?"

"నా తిండి సంగతి తర్వాత. ఒరేయ్ నాగరాజూ, అక్కడ ఎవరున్నార్రా?"

"ఇక్కడా? రెజిమెంటు మొత్తం ఉందమ్మా."

"ఎటకారాలొద్దు. ఆడమనిషి ఎవరన్నా ఉందా అని అడుగుతున్నా."

"అమ్మా! పక్కన కుర్రాళ్లున్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది."

"నాదీ స్పీకర్లోనే ఉంది. అందరూ విననీ. పెళ్లాన్ని ఎందుకు తీసుకుపోవు?"

"నేనా?"

"నువ్వు కాకపోతే కలెక్టరా? క్వార్టర్ లేదంట కదా. ఈ దేశంలో ట్యాంకులు పెట్టుకోడానికి చోటుంటది గానీ నా కోడలికి రెండు గదులు ఉండవా?"

"క్వార్టర్ లేకపోవడమేంటమ్మా? దీపావళికి ముందే ఇచ్చారు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. గోడలకి సున్నం కూడా కొట్టించా. పిల్లకి ఇక్కడి స్కూల్లో మాట్లాడిపెట్టా."

"ఏందీ?"

"హలో? ఏం మాట్లాడవేంటి? ఉదయ చెప్పలేదా నీకు?"

"ఉదయా, నిన్నే."

"విన్నాను అత్తయ్యా."

"నేను రమ్మంటూనే ఉన్నానమ్మా. మొదట పిల్ల పరీక్షలంది. తర్వాత నీ కన్ను ఆపరేషనంది. ఇప్పుడు మిరపకోతలంటోంది. మీ అమ్మకి సాయం ఎవరున్నారు, ఒక్కరే ఎలా చేసుకుంటారు అంటే నేను ఇంక నోరెత్తలేకపోయా."

"సాయమా? ఇదా? పొద్దున్నించీ ఒక్క తాలుకాయ ఏరలేదురా ఇది! ఉండు, లైన్లో ఉండు. పెట్టెయ్యబాక. ఇదెట్టా ఆపేది? వాడికి వినపడకుండా?"

"ఆ మైకు బొమ్మ నొక్కండి."

"నొక్కా. వినపడదుగా?"

"వినపడదు."

"ఇప్పుడు చెప్పు. ఊళ్లో నా కొడుకుని అంత మాట అనుకుంటుంటే నువ్వు నెమలి కుట్టుకుంటా కూర్చున్నావా?"

"అనుకుంటున్నారని నాకు ఇప్పుడేగా తెలిసింది."

"వాడు మెస్సులో ఎండురొట్టెలు తింటన్నాడు!"

"ఆయనకి ఇష్టమే. నేను చేసిన వాటికంటే మెత్తగా ఉంటాయన్నారు."

"కొడతాడా?"

"లేదు."

"తాగుతాడా?"

"ఆదివారం ఆదివారం. మామూలే."

"మాటలంటాడా?"

"లేదండీ. మంచివారే."

"మంచోడైతే నీకేం పోయేకాలమే? దుప్పట్లు మడతపెట్టమంటాడు, అంతేగా? వచ్చినప్పుడల్లా నాచేత కూడా మడత పెట్టించాడు. చిన్నప్పుడు లాగు ఎక్కడ విప్పితే అక్కడే ఒదిలేసేవాడు, ఇప్పుడు నాకు క్రమశిక్షణ చెప్తాడు."

"దుప్పట్లు కాదు."

"మరేంది?"

"ఎక్కడికెళ్లినా దారాలన్నీ అట్టముక్కలకి చుట్టి, పెట్టెలో సర్దుకుని వెళ్తాను. అక్కడ సామాను విప్పి, పిల్లని బళ్లో వేసి, కూర్చుందామనుకునేసరికి మళ్లీ ట్రాన్స్‌ఫర్. లేకపోతే ఆఫీసర్ల భార్యలు పెట్టే మీటింగులు. మెహందీ పోటీ. దేశభక్తి పాటల పోటీ. సలాడ్ అలంకరణ పోటీ. కీరదోసకాయతో పడవ చెయ్యడం నేర్చుకున్నా."

"పడవా?"

"టమాటా తొక్కతో తెరచాప."

"తింటానికా?"

"చప్పట్లు కొట్టడానికి."

"నీ బొంద! దోసకాయ పడవ చెయ్యలేక మొగుణ్ని వదిలేసినదాన్ని నిన్నే చూస్తన్నా."

"వదిలెయ్యలేదు అత్తయ్యా."

"వదిలెయ్యకుండా ఏం చేశావు? తాళాలు వాడి దగ్గర, నువ్వు నా దగ్గర. ఇంత అబద్ధం ఎందుకు ఆడావో చెప్పు. వాడు లైన్లో ఉన్నాడు."

"పఠాన్‌కోట్‌లో ఉన్నప్పుడు ఒకటి కుట్టా. మీకు చెప్పలేదు."

"ఇంకో నెమలా?"

"మన కళ్లం. కాయలన్నీ ఎర్రగా పరిచి ఉంటాయి. ఎరుపులోనే ఎన్ని ఎరుపులో వాడా. ఎండ పడే చోట ఒకటి, పాక నీడన ఒకటి. మధ్యలో మీరు, తలకి గుడ్డ కట్టుకుని, గంప ముందు పెట్టుకుని."

"నేనా?"

"ఊఁ."

"నన్ను కుట్టావా?"

"అక్కడ చలికి పొద్దున్నే వేళ్లు వంగేవి కావు. పిల్ల పడుకున్నాక, ఆయన డ్యూటీకి వెళ్లాక, కొంచెం కొంచెంగా కుట్టా. రెండేళ్లు పట్టింది. ఇంక మీ కొంగు ఒక్కటే మిగిలింది."

"మరి ఏదీ? నాకు చూపించలేదే?"

"ఒకరోజు పరేడ్ ఉందని ఆయన హడావుడిగా బూట్లు పాలిష్ చేసుకున్నారు. తుడవడానికి గుడ్డ కనపళ్లేదంట. నేను పిల్లని బడి నుంచి తీసుకొచ్చేసరికి గడప దగ్గర పడుంది."

"దాంతో తుడిచాడా?"

"ఆయన తప్పేం లేదు అత్తయ్యా. పాతగుడ్డ అనుకున్నారు."

"అంత రంగులేసి కుట్టిన గుడ్డ పాతగుడ్డలాగా కనిపిచ్చిందా వాడి కళ్లకి? అడగలేదా నువ్వు?"

"అడిగా. అయ్యో, నాకు తెలీదు, ఇంకోటి కొనిపెడతాలే అన్నారు."

"కొనడమేంది? నేనేమన్నా కొట్లో దొరుకుతానా?"

"కొన్నారు కూడా. మిషన్ మీద కుట్టిన తాజ్‌మహల్. అద్దంతో, ఫ్రేముతో. మన ముందుగదిలో ఉంది చూడండి, అదే."

"రోజూ నాచేత తుడిపిస్తన్నావే దాన్ని!"

"మీరే తుడుస్తారు. నేను చెయ్యి పెట్టను."

"ఉతికినా పోలేదా ఆ నలుపు?"

"పోలేదు."

"నా మొహం మీద కూడా పడిందా?"

"అక్కడే ఎక్కువ పడింది."

"ఎట్టా ఉన్నా అందులో?"

"ముక్కు కొంచెం పెద్దదైంది."

"నా ముక్కు పెద్దదే. సరే, ఒక సంగతి అడుగుతా. వాడు ఒక్కసారి తెలీక పాడుచేశాడు. నేను తెలిసే రోజూ ఆడిపోసుకుంటన్నా నీ కుట్టుని. వాడి దగ్గరికి పోనంటావు, నా దగ్గర ఉంటానంటావు. ఇదేం లెక్క?"

"మీరు తిట్టడానికైనా రోజూ వచ్చి చూస్తారు అత్తయ్యా. తోక రాలేదని, మెడ దగ్గర ఆగిపోయిందని, నిన్న కుట్టింది ఇవాళ విప్పానని, అన్నీ మీకు తెలుసు. ఆయనకి నేను కుట్టేది నెమలో నక్కో కూడా తెలీదు. రోజూ వీడియో కాల్ చేస్తారు. ఒళ్లో గుడ్డ ఉంటుంది. ఒక్కరోజు అడగలేదు, అదేంటని."

"నువ్వు చెప్పొచ్చుగా?"

"అడగందే చెప్పడం ఎన్నాళ్లు?"

"మొగుడన్నాక అంతేనే. మీ మామకి నేను కట్టుకున్న చీర ఏ రంగో ఏనాడన్నా తెలుసా?"

"అందుకే మీరు ఆయన పటానికి దండ వేసి కూడా తిడుతున్నారు."

"మాటకి మాట! ఎక్కువ మురిసిపోబాక. నాకూ అది నెమలిలాగా ఏం లేదు. గిన్నెకోడిలాగే ఉంది."

"తోక వస్తే నెమలవుతుంది."

"హలో? హలో! అమ్మా? వినపడుతోందా? హలో!"

"అరుస్తన్నాడు. ఏం చెప్పమంటావు?"

"ఉన్నది చెప్పండి. నేనే రానన్నానని. అబద్ధం ఆడానని."

"చెప్తే ఏమవుద్ది?"

"కోపం వస్తుంది. వారం రోజులు మాట్లాడరు. తర్వాత సెలవు పెట్టి వస్తారు. పెట్టె సర్దుతా."

"సర్దుతావా?"

"సర్దక? ఆయన పాపం సున్నం కూడా కొట్టించుకున్నారు."

"ఇక్కడే ఉంటే మాబూబీ నవ్వుద్ది. అక్కడికి పోతే నువ్వు దోసకాయలతో పడవలు చేస్తావు."

"మీ ఇష్టం అత్తయ్యా. మీరెలా అంటే అలా."

"ఇన్నాళ్లూ అడగని నా ఇష్టం దొరికిపోయాక అడుగుతంది మహాతల్లి! ఏదీ, ఆ మైకు మళ్లీ నొక్కు."

"నొక్కాను. మాట్లాడండి."

"ఒరేయ్."

"అమ్మా! ఎక్కడికి పోయారు ఇద్దరూ? ఒక్కసారి ఉదయకివ్వు. ఒకే ఒక్క మాట చెప్పమను. రావడం ఇష్టం లేదా, నేనే ఇష్టం లేదా? ఇష్టం ఉంటే ఇప్పుడే టికెట్లు తీస్తా. లేదంటే ఈ తాళాలు వెనక్కిచ్చేస్తా. నాకు ఈ నాన్చుడు వద్దు. ఎందుకు రానంటోందో దాని నోటితోనే చెప్పమను."

"దాన్నెందుకురా అడుగుతావు? అదెప్పుడు రానంది? నేనే పంపనన్నా."