నీళ్ల గురించి ఒక్క ముక్క

మంత్రిగారికి ప్రసంగాలు రాసిపెట్టే తమ్ముడు ఆ మధ్యాహ్నం అక్క వంటింట్లో కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. అక్క బడిపిల్లలకి వాదన ఎలా చెయ్యాలో, ఎలా చెయ్యకూడదో నేర్పే పంతులమ్మ. ఆమె భర్త నీళ్ల ట్యాంకు దగ్గర పంపు నడుపుతాడు; అతన్ని పోలీసులు విచారణకని తీసుకెళ్లి అప్పటికి నాలుగు రోజులు.

"మళ్లీ చదువు. ఆ మొదటి ముక్క."

"వద్దులే అక్కా."

"సాయంత్రం సభలో వినేకంటే నీ నోటితో ముందే వింటే మేలని వచ్చానన్నావుగా. చదువు."

"'ఈ ఉత్తరం రాసిందెవరు? తాగి పనిలోకొచ్చి రెండుసార్లు చీవాట్లు తిన్న మనిషి. అలాంటివాడి మాటకి మీరు భయపడతారా?'"

"మీ బావ తాగుతాడు. నిజమే. ఎన్నిసార్లు తలుపు తియ్యనన్నానో నీకూ తెలుసు. ఉత్తరంలో ఏం రాశాడు?"

"మురుగు పైపు పగిలి మంచినీళ్లలో కలుస్తోందని."

"కలుస్తోందా, లేదా?"

"అదీ..."

"ఇల్లంటుకుందని తాగుబోతు కేకేస్తే ఇంటివైపు చూస్తామా, వాడి నోరు వాసన చూస్తూ కూర్చుంటామా?"

"జనం నోరే వాసన చూస్తారక్కా. నా ఉద్యోగం నడిచేదే దాని మీద."

"మీ బావని చూశావా?"

"చూశాను. బాగానే ఉన్నాడు."

"బాగానే అంటే?"

"బాగానే. తర్వాతది చదవనా?"

"ఊఁ."

"'లక్ష ఇళ్లవాళ్లు ఈ నీళ్లే తాగుతున్నారు. లక్ష ఇళ్లూ తప్పు, ఈయనొక్కడే ఒప్పా?'"

"తాగేవాళ్లు ఎక్కువైతే నీళ్లు శుభ్రమైపోతాయా? పదకొండుమంది పోయార్రా. అందులో ఒకతి నా క్లాసు పిల్ల. హాజరు పిలుస్తుంటే ఇంకా దాని పేరు నోటిదాకా వచ్చి ఆగుతోంది."

"తెలుసు."

"తెలిసే రాశావా?"

"తెలిసే రాశాను."

"సరే. కానీ."

"'పాత ప్రభుత్వంలో ఇంతకంటే ఎక్కువమంది పోలేదా? అప్పుడెక్కడున్నాడు ఈ ఉత్తరాల మనిషి?'"

"తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాట్ట వెనకటికెవడో. అప్పటి శవాల్ని చూపిస్తే ఇప్పటివాళ్లు లేచొస్తారా? అయినా ఎక్కడున్నాడంటావేం, ఆ పంపు దగ్గరే ఉన్నాడు. అప్పుడూ రాశాడు. ఆ ఉత్తరాన్ని ఊరూరా ఎత్తి చూపించి ఓట్లడిగింది మీ మంత్రిగారేగా."

"అదెవరికీ గుర్తులేదు."

"నాకుంది. ఇంకా ఏముంది?"

"ఒక్కటే. 'ఈ ఊరు బాగుపడాలనేవాళ్లు నాతో చెయ్యెత్తండి. ఎత్తనివాళ్లంతా ఈ ఊరి చెడు కోరేవాళ్లే.'"

"ఊరూ బాగుండాలి, నీళ్లూ బాగుండాలి అనుకునేవాడు ఏ చెయ్యెత్తాలి?"

"వాడికి చెయ్యి లేకుండా చెయ్యడానికే ఆ వాక్యం."

"ఒరేయ్, ఇవన్నీ నేను నేర్పినవే. మనిషిని తిట్టి మాట దాటెయ్యడం, మందిని చూపించి అదే నిజమనడం. బడి పోటీలకి నిన్ను ఇదే బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. ఉచ్చు ఎక్కడుందో తెలిస్తే కాలు పెట్టవని."

"ఉచ్చు ఎలా బిగించాలో కూడా అందులోనే ఉంది కదక్కా."

"ఇంత రాశావు. ఇందులో నీళ్ల గురించి ఒక్క ముక్కైనా ఉందా?"

"లేదు."

"ఎందుకు లేదు?"

"నీళ్ల గురించి మాట్లాడితే పైపు తవ్వాలి. తవ్వితే కనిపిస్తుంది."

"అదీ. ఇప్పుడన్నావు నిజం. సాయంత్రం నేనూ వస్తాను. ముందు వరసలో కూర్చుంటాను. లేచి ఒకటే అడుగుతాను, పైపు పగిలిందా పగల్లేదా అని. రెండోమాట అడగను."

"రావద్దక్కా."

"బెదిరిస్తున్నావా?"

"బతిమాలుతున్నాను."

"ఏం, నన్నూ విచారణకి తీసుకెళ్తారా?"

"లేదు. నిన్నెవరూ ముట్టుకోరు. అడుగుతానంటే మైకు కూడా చేతికిస్తారు."

"మరింకేం. మీ మంత్రిగారు నీళ్లు నమలడం ఊరంతా చూస్తుంది."

"నమలరు. జవాబు సిద్ధంగా ఉంది."

"అదీ నువ్వే రాశావా?"

"నేనే."

"ఏమని?"

"రెండే ముక్కలు. 'ఆ రోజు తాగి ఉన్నాను. ఏం రాశానో నాకే తెలీదు.'"

"అదేంట్రా? మంత్రిగారు అలా ఎందుకంటారు?"

"అనేది ఆయన కాదక్కా, బావ. పొద్దున్నుంచీ పక్కన కూర్చుని కంఠతా పట్టించి, ఇటే వచ్చాను."