నాన్న పొట్టకి ఏ కాగితం?

అచ్చుకొట్టులో బల్ల మీద, కూతురు వేసిన పెయింటింగు ఫోటో, ప్రదర్శనలో పెట్టడానికి నమూనాగా, మెరిసే కాగితం మీదా గరుకు కాగితం మీదా అచ్చయి ఉంది. బొమ్మలో తండ్రి చొక్కా లేకుండా, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తల్లి మెరిసే కాగితాన్ని ముందుకు తోసింది.

"ఇదే వేయించవే. లైటు పడి తళుక్కుమంటే మీ నాన్న పొట్ట కనపడి చావదు."

"అందుకే వద్దమ్మా. గరుకు కాగితం మీదైతే ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది."

"వెంట్రుకలతో సహా! ప్రదర్శనలో నలుగురూ నవ్వితే ఆయన మళ్ళీ గడప దాటతారా? అన్నం మానేసి మంచమెక్కితే?"

"నాన్న నిన్ననే చూశారమ్మా."

"అయ్యో! ఏమన్నారు?"

"పొట్ట అచ్చం దిగిందన్నారు. ఆఫీసు వాళ్ళందరినీ ప్రదర్శనకి పిలిచారు కూడా."

"అందరినీనా! ఇక్కడ నేను హడలి చస్తుంటే, ఆయనకి పెళ్ళికొడుకు సంబరమా? సరే, గరుకుదే వేయించు. గోడంత వేయించు!"