గుండీల సీసా

ఖాళీ మందుసీసాను పారేస్తే నష్టం, గుండీలు పోసి ఇస్తే ఒక సంచి మిగులుతుందని దర్జీ లెక్క. నిన్న అలా ఇచ్చిన సీసాను పట్టుకుని పైవాటా పిన్నిగారు మళ్ళీ దిగివచ్చింది.

"సీసా చీటీ మీది నీ పేరు సూదితో గీకేశావు గానీ అమ్మాయ్, వెలుతురుకి పెడితే చక్కగా కనిపించింది. మందేమిటని షాపులో అడిగాను. మూర్ఛకి వాడతారట."

"నాదని చెప్పారా పిన్నిగారూ?"

"నా నోట్లో నువ్వుగింజ నానదనుకున్నావా?"

"మూడేళ్ళయింది, మళ్ళీ రాలేదు. అయినా తెలిసిందంటే కుట్టు నేర్చుకోవడానికి ఒక్క తల్లీ తన పిల్లని పంపదు."

"అందుకేగా నేరుగా నీ దగ్గరికే వచ్చాను! అవునూ, మా కోడలి గౌను శనివారం అన్నావు కదూ?"

"ముందు ఏడుగురివి ఉన్నాయండీ."

"నేనేమన్నా బలవంతం చేశానా తల్లీ?"

దర్జీ మిషను మీది బట్టను తీసి పక్కన పెట్టింది.

"రేపిస్తాను."

"బంగారు తల్లివి. తర్వాత మా పరదాలున్నాయి, వాటికి తొందరేం లేదులే."

"ఆ సీసా ఇటివ్వండి, చీటీ చింపేస్తాను."

"నీకెందుకమ్మా శ్రమ? వేన్నీళ్ళలో నానబెట్టి నేనే ఊడదీశాను. చూడు, అద్దంలా లేదూ?"

దర్జీ సీసాను అందుకుని చుట్టూ తడిమి చూసింది. ఎక్కడా జిగురు కూడా లేదు.

"మరి చీటీ ఏదండీ?"

"చిరక్కుండా ఆరబెట్టి బీరువాలో పెట్టాను. నీ వస్తువు నేను పారేస్తానా?"